కోవిడ్ తగ్గినా మాటలు మరుపుకొస్తున్నాయి: వైరస్ మెదడులోకి వెళ్తుందా, బయట నుంచే దెబ్బ తీస్తుందా?

పలకాబలపం (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను గోదావరి ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. 2021 మే నెలలో నాకు కోవిడ్ వచ్చింది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు, ఆక్సిజన్ ఒక్కరోజు కూడా 95 కంటే దిగలేదు, రెండు వారాలు ఇంట్లోనే ఒక గదిలో ఉండి కోలుకున్నాను. జ్వరమూ దగ్గూ పోయాయి గాని రెండు విషయాలు మాత్రం నన్ను వదలలేదు.

మొదటిది వాసన. చాలా రోజులు ఏ వాసనా తెలియలేదు. నాలుగో నెలలో తిరిగి వచ్చింది గాని వంకరగా వచ్చింది: పోపులో ఉల్లిపాయ వేగుతుంటే ఏదో కుళ్లినట్టు, కాఫీ కలుపుతుంటే రబ్బరు కాలినట్టు ఉండేది. అది ఇప్పుడు చాలావరకు సర్దుకుంది. రెండవది మాత్రం ఇప్పటికీ బాధిస్తోంది. ఇరవై ఏళ్లుగా పుస్తకం చూడకుండా చెప్పిన పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోతుంది, రోజూ చూసే పిల్లల పేర్లు నోటి దాకా వచ్చి ఆగుతాయి, వరుసగా మూడు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పిన మర్నాడు మంచం మీద నుంచి లేవలేను.

మెదడుకు ఎమ్మారై తీయించుకుంటే అంతా మామూలుగానే ఉందన్నారు. ఇంట్లోవాళ్లు కొందరు భయం అంటారు, కొందరు వయసు అంటారు. నా వయసు 46. వైరస్ నా మెదడులోకి వెళ్లిందా, ఇంకా అక్కడే ఉందా, స్కాన్‌లో ఏమీ కనిపించనప్పుడు ఇది శరీరానికి వచ్చిన జబ్బేనని నేను ఎవరికైనా ఎలా చెప్పగలను? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నాడీవైద్యం_హైదరాబాదు

టీచర్ గారూ, మిమ్మల్ని పరీక్షించకుండా మీ జబ్బుకు ఇక్కడ పేరు పెట్టడం సరికాదు, కాబట్టి మీరు అడిగిన ప్రశ్న వరకే జవాబు రాస్తాను. వాసనతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ వైరస్ నాడీవ్యవస్థతో ఎలా వ్యవహరిస్తుందో మాకు మొట్టమొదట నేర్పింది ముక్కే.

2020 మొదటి నెలల్లో వాసన పోయిన రోగులను చూసి మాలో చాలామంది అనుకున్నది ఒకటే: వైరస్ ముక్కులోని నాడీకణాలను పట్టుకుని, వాటి వెంట ఎక్కి, నేరుగా మెదడు చేరుతోందని. అదే ఏడాది హార్వర్డ్ పరిశోధకులు ఆ కణాలను విడివిడిగా పరిశీలించినప్పుడు కథ వేరుగా తేలింది. వైరస్ కణంలోకి దూరడానికి ఏసీఈ2 అనే గ్రాహకం తలుపులా పనిచేస్తుంది. వాసనను పసిగట్టే నాడీకణాల మీద ఆ తలుపు లేదు, వాటిని చుట్టుకుని పోషించే ఆధార కణాల మీద ఉంది. పందిరి కూలితే బీరతీగ నేలమీద వాలిపోయినట్టు, ఆధార కణాలు చచ్చిపోయినప్పుడు నాడీకణాలు బతికి ఉండి కూడా పని మానేస్తాయి. పందిరి మళ్లీ వేసుకోవడానికి కొన్ని వారాలు చాలు గనుక ఎక్కువమందికి వాసన త్వరగా తిరిగి వస్తుంది.

కొందరిలో కథ అక్కడితో ముగియదు. నెలలు గడిచినా వాసన రానివారి ముక్కు పైపొర నుంచి చిన్న ముక్క తీసి చూసిన పరిశోధన 2022లో వచ్చింది. వైరస్ కనబడలేదు గాని రక్షణ వ్యవస్థకు చెందిన టీ కణాలు అక్కడే మకాం వేసి ఉన్నాయి, నాడీకణాల సంఖ్య తగ్గి ఉంది. అంటే శత్రువు వెళ్లిపోయిన తర్వాత కూడా కాల్పులు ఆగలేదన్నమాట. ఇక వాసన వంకరగా తిరిగి రావడం, కొత్తగా మొలిచిన నాడీకణాలు ఇంకా పూర్తిగా కుదురుకోని దశలో కనిపించే లక్షణం. అన్ని వాసనలూ సమానంగా చెడవు. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, వేయించిన మాంసం వంటి వాటిలో అతి కొద్ది మోతాదులోనే ఘాటుగా తెలిసే గంధకపు అణువులు ఉంటాయి, అవే ముందుగా దుర్వాసనగా తోస్తాయి. మీ పోపు, మీ కాఫీ కచ్చితంగా ఆ జాబితాలోవే.

ఇక మెదడులోకి వెళ్తుందా అనే ప్రశ్న. మరణించినవారి మెదడును శవపరీక్షలో పరిశీలించిన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ బృందం ఒకటి 2020 చివర్లో సన్నని రక్తనాళాలు దెబ్బతిని రక్తంలోని పదార్థాలు మెదడులోకి కారినట్టు చూసింది గాని, ఆ కణజాలంలో వైరస్‌ను కనుగొనలేకపోయింది. 2022లో అదే సంస్థకు చెందిన మరో బృందం 44 శవపరీక్షల ఫలితాలు ప్రకటించింది. అందులో కొందరి మెదడులో వైరస్ జన్యుపదార్థం దొరికింది, ఒకరిలో జబ్బు మొదలైన 230 రోజుల తర్వాత కూడా దొరికింది. అయినా శ్వాసనాళాల బయట వైరస్ స్వయంగా కణాలను ధ్వంసం చేసిన ఆనవాళ్లు చాలా తక్కువ. వాళ్లందరూ కోవిడ్‌తో మరణించినవారనీ, ఇంట్లో కోలుకున్న మీలాంటివారికి ఆ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టకూడదనీ గుర్తుంచుకోవాలి. వెళ్లగలదు, కాని ఎక్కువ నష్టం జరిగేది అది అక్కడికి వెళ్లడం వల్ల కాదు అన్నదే ఇప్పటి వరకు మాకున్న సమాధానం.

కృష్ణాతీరం

డాక్టర్ గారూ, లోపలికి వెళ్లకుండానే మెదడును దెబ్బ తీయడం ఎలా సాధ్యమో నాలాంటి సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పగలరా? ఊపిరితిత్తుల్లో మంట పుడితే తలకాయలో పొగ ఎందుకు రావాలి?

నాడీవైద్యం_హైదరాబాదు

మీ పోలిక చాలా దగ్గరగా ఉంది. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. మామూలు రోజుల్లో అవి చెత్త ఎత్తుతూ, నాడీకణాల మధ్య పనికిరాని అతుకులను తుంచుతూ నిశ్శబ్దంగా తిరుగుతాయి. శరీరంలో ఎక్కడైనా పెద్ద ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు రక్తంలో తిరిగే సంకేత రసాయనాలు వాటిని రెచ్చగొడతాయి, రెచ్చిపోయిన కాపలావాడు ఇంట్లోవాళ్లను కూడా కొడతాడు.

స్టాన్‌ఫర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల బృందాలు కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగం 2022లో వెలువడింది. అందులో ఇన్‌ఫెక్షన్‌ను శ్వాసమార్గానికే పరిమితం చేశారు, జబ్బు కూడా తేలికపాటిదే, మెదడులో వైరస్ లేదు. అయినా వారాల తరబడి కాపలా కణాలు రెచ్చిపోయే ఉన్నాయి, జ్ఞాపకాలకు కేంద్రమైన హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక తగ్గింది, నరాల తీగలకు తొడుగుగా ఉండే మైలిన్ పొర కొంత కరిగిపోయింది. సీసీఎల్11 అనే రసాయనం పెరగడం ఎలుకల్లోనే కాక, కోవిడ్ తర్వాత మతిమరుపుతో బాధపడుతున్న మనుషుల రక్తంలో కూడా కనిపించింది. కేన్సర్‌కు కీమోథెరపీ తీసుకున్నవారు చెప్పే మతిమరుపులో కూడా ఇలాంటి మార్పులే ఉన్నాయని అంతకుముందే తెలుసు గనుక ఈ ఫలితం మాకు పూర్తిగా కొత్తది కాదు.

రెండవ దారి రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ. డబ్లిన్ పరిశోధకులు 2024లో ప్రత్యేకమైన ఎమ్మారై పద్ధతితో చూసినప్పుడు, దీర్ఘకాలిక కోవిడ్ (ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా నెలల తరబడి లక్షణాలు వదలని స్థితి) ఉన్నవారిలో మతిమరుపు, తల మసకబారడం చెప్పేవారికి ఆ గోడ కారుతున్నట్టు తేలింది. అదే దీర్ఘకాలిక కోవిడ్ ఉండి ఆ బాధ లేనివారిలో అంత కారుడు లేదు. మూడవ దారి పేగుల నుంచి: మిగిలిపోయిన వైరస్ భాగాల వల్ల పేగుల్లో సెరటోనిన్ అనే సంకేత రసాయనం తయారీ తగ్గి, వేగస్ నాడి ద్వారా మెదడుకు వెళ్లే సంకేతం బలహీనపడుతుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రతిపాదించారు. ఈ మూడోదానిమీద నాకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు, మొదటి రెండిటిమీద కుదిరింది.

ఓరుగల్లు_మాస్టారు

నేను భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. టీచరమ్మ గారి బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. కాని 2021 వేసవి ఎలాంటిదో మనందరికీ తెలుసు. ఆక్సిజన్ సిలిండర్ కోసం తెల్లవార్లూ ఫోన్లు చేశాము, కడచూపుకు కూడా నోచుకోని చావులు చూశాము, నెలల తరబడి నిద్రలు లేవు, బడులు లేవు, మనిషికి మనిషి ఎదురుపడలేదు. నాకు కోవిడ్ రాలేదు, అయినా ఆ ఏడాది నాకు కూడా పేర్లు మరుపుకొచ్చాయి. వైరస్ చేసిన నష్టాన్నీ, ఆ కాలం చేసిన నష్టాన్నీ ఏ త్రాసులో వేసి వేరు చేశారు? వేరు చేయకుండా ప్రతి మరుపునూ వైరస్ ఖాతాలో వేయడం శాస్త్రం అనిపించుకోదు.

గణాంకం

మాస్టారు గారి ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. నేను డాలస్‌లో ఉంటాను, వైద్య పరీక్షల గణాంకాలు చూడడం నా ఉద్యోగం. మీరడిగిన త్రాసు అనుకోకుండా బ్రిటన్‌లో దొరికింది.

యూకే బయోబ్యాంక్ అనే పెద్ద పరిశోధనలో భాగంగా వేలమందికి మహమ్మారి రాకముందే మెదడు స్కాన్లు తీసి పెట్టుకున్నారు. మహమ్మారి వచ్చాక వారిలో 785 మందిని మళ్లీ పిలిచారు. రెండు స్కాన్ల మధ్య 401 మందికి కోవిడ్ వచ్చింది, 384 మందికి రాలేదు. లాక్‌డౌన్, భయం, ఒంటరితనం ఇద్దరికీ ఒకటే. 2022 మార్చిలో వచ్చిన ఫలితం ప్రకారం, కోవిడ్ వచ్చినవారిలో వాసనతో సంబంధమున్న ప్రాంతాల్లో నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు పదార్థం మరికాస్త పలచబడింది, మెదడు మొత్తం పరిమాణం కూడా కొంచెం ఎక్కువ తగ్గింది. తేడా 0.2 నుంచి 2 శాతం వరకు. కోవిడ్ వచ్చినవారిలో ఆసుపత్రిలో చేరినవారు 15 మంది మాత్రమే, వారిని తీసివేసి లెక్కించినా తేడా నిలిచింది. అందరూ 51 నుంచి 81 ఏళ్ల మధ్యవారు కాబట్టి పడుచువాళ్ల గురించి ఇది ఏమీ చెప్పదు.

రెండవది ఇంగ్లండులో దాదాపు 1,13,000 మంది ఆన్‌లైన్‌లో జ్ఞాపకశక్తి, తర్కం పరీక్షలు రాసిన అధ్యయనం. ఇది 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కోవిడ్ రానివారితో పోలిస్తే, వచ్చి పూర్తిగా తగ్గినవారు ఐక్యూ కొలమానంలో సుమారు 3 పాయింట్లు, లక్షణాలు ఇంకా తగ్గనివారు 6, ఐసీయూలో ఉన్నవారు 9 పాయింట్లు వెనుకబడ్డారు. తొలి రకం వైరస్, ఆల్ఫా రకం సోకినవారిలో లోటు ఎక్కువ, తర్వాతి రకాలు సోకినవారిలో తక్కువ, రెండు డోసులు వేసుకున్నవారికి కొంత మేలు కనిపించింది. 3 పాయింట్లంటే ఒక మనిషికి తెలియనంత చిన్న తేడా, అది సగటు మాత్రమే. కాని సగటు అంతగా కదిలిందంటే ఆ గుంపులో కొందరు బాగా నష్టపోయి ఉండవచ్చన్నది గుర్తుంచుకోవాలి. లక్షణాలు పూర్తిగా తగ్గినవారిలో, అవి మొదట ఎంతకాలం ఉన్నా, లోటు చిన్నదిగానే ఉందని కూడా అదే అధ్యయనం చెప్పింది. టీచర్ గారు ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా చదవాలని కోరుకుంటున్నాను.

మాస్టారు గారు చెప్పినదాంట్లో కూడా సగం నిజమని ఆక్స్‌ఫర్డ్ బృందం లెక్కలు చెబుతున్నాయి. 12 లక్షలకు పైగా కోవిడ్ రోగుల రికార్డులను రెండేళ్లపాటు అనుసరించినప్పుడు, ఆందోళన, కుంగుబాటు ఒకటి రెండు నెలల్లోనే ఇతర శ్వాసకోశ జబ్బులు వచ్చినవారి స్థాయికి దిగిపోయాయి. తల మసకబారడం, మూర్ఛ, పెద్దవయసువారిలో చిత్తవైకల్యం (డిమెన్షియా) మాత్రం రెండేళ్ల తర్వాత కూడా ఎక్కువగానే ఉన్నాయి. మనసుకు తగిలిన గాయం మాత్రమే అయితే ఈ రెండూ ఇలా విడిపోకూడదు కదా.

ఓరుగల్లు_మాస్టారు

ముందటి స్కాన్లు ఉన్నాయన్న విషయం నాకు తెలియదు. పోలికకు ఆధారం బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే మరి టీచరమ్మ గారి ఎమ్మారై మామూలుగా ఎందుకు ఉంది?

నాడీవైద్యం_హైదరాబాదు

మాస్టారూ, ఆసుపత్రిలో మేము ఎమ్మారై తీయించేది గడ్డ, రక్తస్రావం, రక్తనాళం మూసుకుపోవడం వంటివి ఉన్నాయేమో చూడడానికి. ఒక్క శాతం పలచబడడం కంటికి ఆనదు. అదే మనిషి పాత స్కాన్ పక్కన పెట్టి, వందలమందిని కలిపి లెక్కిస్తే తప్ప అది బయటపడదు. కాబట్టి టీచర్ గారి స్కాన్ మామూలుగా ఉండడం శుభవార్తే. అయితే దానివల్ల ప్రమాదకరమైన జబ్బు లేదని తెలుస్తుంది గాని, ఆమె బాధ లేదని కాదు. రోగితో "స్కాన్ బాగుంది, మీకేమీ లేదు" అని చెప్పి పంపించడం మా వృత్తిలో జరుగుతున్న పెద్ద తప్పని నేను బాధతో అంటున్నాను.

కృష్ణాతీరం

నేను ఈ చర్చకు రావడానికి కారణం వేరు. మా నాన్నగారికి 2021 మే నెలలో కోవిడ్ తగ్గిన పన్నెండో రోజున ఒకవైపు చెంప మొద్దుబారి, కన్ను వాచింది. బ్లాక్ ఫంగస్ అన్నారు. ఆయనకు పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. జ్వరం వచ్చిన రెండో రోజునే, ఆక్సిజన్ సరిగ్గా ఉండగానే, ఫోన్లో చేతులు మారిన ఒక మందుల చీటీ చూసి స్టెరాయిడ్ మొదలుపెట్టాము. షుగర్ 400 దాటిందని మాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఆ రోజుల్లో ఫంగస్‌ను చంపే యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం మేము మూడు జిల్లాలు తిరిగాము. తెలంగాణ ప్రభుత్వం మే 20న దీన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది, హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీలో చేర్చారు, అందువల్లనే మాకు ఆపరేషన్ సాధ్యమైంది. నాన్నగారి ప్రాణం దక్కింది గాని ఒక కన్ను తీసివేయవలసి వచ్చింది, ఫంగస్ కంటి వెనుక నుంచి మెదడు రక్తనాళం దాకా పోయి ఎడమ చేయి పడిపోయింది. మా ప్రాంతంలో కోవిడ్ మెదడుకు చేసిన నష్టం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. దీని గురించి కూడా ఎవరైనా రాయాలి.

నాడీవైద్యం_హైదరాబాదు

మీ నాన్నగారి గురించి చదివి చాలా బాధ కలిగింది. మీరు తప్పు చేశారని మీరు అనుకోకండి. ఆ రోజుల్లో అలాంటి చీటీలు ఊరూరా తిరిగాయి.

దేశవ్యాప్తంగా 2,826 మంది ఇలాంటి రోగుల వివరాలను కంటి వైద్యులు సేకరించి 2021లోనే ప్రచురించారు. వారిలో 78 శాతానికి మధుమేహం ఉంది, 87 శాతం స్టెరాయిడ్లు వాడినవారు. ఇక్కడ మెదడును చేరింది వైరస్ కాదు, ఫంగస్. అది రక్తనాళాల గోడలను తొలిచి, లోపల రక్తాన్ని గడ్డకట్టించి, ఆ నాళం మీద ఆధారపడిన భాగాన్ని చంపుతుంది. అందుకే ముక్కులో మొదలై కంటి మీదుగా పక్షవాతంగా ముగుస్తుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడో వంతు తగ్గించిన మాట నిజం. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం దానివల్ల ఏ మేలూ లేదని ఆ పరీక్షే 2020లో చెప్పింది. మన దగ్గర మొదటి సగం అందరికీ చేరింది, రెండవ సగం చేరలేదు.

తొలి దశలో కనిపించే ఇతర నాడీ సమస్యలను కూడా క్లుప్తంగా ప్రస్తావిస్తాను: రక్తం గడ్డకట్టే గుణం పెరగడం వల్ల వచ్చే పక్షవాతం, ఇన్‌ఫెక్షన్ తగ్గిన కొద్ది వారాల్లో కాళ్ల నుంచి పైకి పాకే గియాన్ బారే బలహీనత, ఐసీయూలో వృద్ధులకు వచ్చే మతిభ్రమ. న్యూయార్క్‌లో 2020 వసంతంలో 50 ఏళ్లలోపు వారు ఐదుగురు పెద్ద రక్తనాళం మూసుకుపోయి పక్షవాతంతో ఒకే ఆసుపత్రి వ్యవస్థకు వచ్చినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మూతి వంకర పోయినా, ఒకవైపు చేయి లేదా కాలు పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి.

మందులకొట్టు_గుంటూరు

నేను ముప్పై ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. కోవిడ్ తర్వాత జ్ఞాపకశక్తికి టానిక్ అడిగేవారు బాగా పెరిగారు. డాక్టర్ గారి అనుమతితో నా అనుభవం రాస్తున్నాను. ఈ మసకను తగ్గిస్తుందని నిరూపితమైన మందు ఇప్పటివరకు ఏదీ లేదు, కాబట్టి వేల రూపాయలు పెట్టి సీసాలు కొనవద్దు. దానికంటే ముందు రక్తంలో బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. శాకాహారుల్లోనూ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలోనూ బీ12 తగ్గడం మామూలు. అది కూడా అచ్చంగా ఇలాంటి మరుపునే తెస్తుంది, దానికి మాత్రం మందు ఉంది.

వాసన ఇంకా సరిగా రానివారు రోజుకు రెండుసార్లు లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం ఒక్కొక్కటి పది ఇరవై సెకన్లు నెమ్మదిగా పీల్చే సాధన చేయవచ్చు. కనీసం మూడు నెలలు మానకుండా చేయాలి. ఇది కోవిడ్‌కు ముందే జర్మనీలో పరీక్షించిన పద్ధతి, ఖర్చు లేదు, హాని లేదు. వాసన తెలియనివారు ఇంట్లో గ్యాస్ సిలిండర్ విషయంలో మాత్రం ఎప్పుడూ మరొకరి ముక్కు మీదనే ఆధారపడాలి.

పలకాబలపం

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ నమస్కారాలు. మాస్టారు గారూ, మీ సందేహం నన్ను నొప్పించలేదు. అది మా ఇంట్లోవాళ్ల సందేహమే, దానికి ఇక్కడ జవాబు దొరికింది. గణాంకం గారి వాక్యాన్ని మా వారికి చదివి వినిపించాను. కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

బీ12 పరీక్ష ఇచ్చాను, ఫలితం రేపు వస్తుంది. ఒక సందేహం మాత్రం మిగిలింది. కూర్చుని పాఠం చెప్పిన రోజు ఇంత అలసట ఉండదు, నిలబడి చెప్పినప్పుడే గుండె దడ, తల మసక, మాట తడబడడం అన్నీ కలిసి వస్తాయి. దీనికేమైనా అర్థం ఉందా?

నాడీవైద్యం_హైదరాబాదు

చాలా ముఖ్యమైన విషయం చివరికి చెప్పారు. గుండె వేగాన్నీ రక్తపోటునూ మనకు తెలియకుండా నడిపే స్వయంచాలక నాడీవ్యవస్థ కోవిడ్ తర్వాత కొందరిలో అదుపు తప్పుతుంది. నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు చేరేది తగ్గి, గుండె పరుగు తీస్తుంది. పది నిమిషాలు పడుకుని నాడి (పల్స్), బీపీ రాసుకోండి. తర్వాత గోడకు దగ్గరగా, పక్కన ఒకరిని ఉంచుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడి, రెండు నిమిషాలకోసారి మళ్లీ రాయండి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి.

పలకాబలపం

ఈ ఉదయం చేశాను. పడుకున్నప్పుడు నాడి 74, బీపీ 118/76. నిలబడిన రెండో నిమిషానికి నాడి 98, ఆరో నిమిషానికి 109, పదో నిమిషానికి 112. బీపీ దాదాపు అలాగే ఉంది. ఎనిమిదో నిమిషంలో మా అమ్మాయి ఒక పద్యం అడిగింది, రెండో పాదం దగ్గరే ఆగిపోయాను. పడుకున్న ఐదు నిమిషాలకు మొత్తం పద్యం చెప్పగలిగాను.

నాడీవైద్యం_హైదరాబాదు

బీపీ పడిపోకుండా నాడి 30కి పైగా పెరిగితే దాన్ని మేము పట్టించుకోవలసిన లెక్కగా చూస్తాము. మీది 38 పెరిగింది. ఇది ఇంట్లో చేసిన కొలత కాబట్టి ఈ కాగితం తీసుకుని దగ్గరలోని నాడీవైద్యుణ్ణి గాని, గుండె వైద్యుణ్ణి గాని కలవండి. రక్తహీనత, థైరాయిడ్ లేవని తేలాక నీరు, ఉప్పు పెంచడం, బిగుతైన మేజోళ్లు, పడుకుని చేసే వ్యాయామం వంటివి వారు చెబుతారు. వారు చెప్పకముందే ఉప్పు పెంచకండి. వ్యాయామం మర్నాడు మంచాన పడేసేంత చేయకండి. ఈలోగా బడిలో ఒక కుర్చీ అడిగి తీసుకుని, కూర్చుని పాఠం చెప్పండి.

పలకాబలపం

ప్రధానోపాధ్యాయులను ఈరోజే అడిగాను. సోమవారం నుంచి తరగతిలో కుర్చీ వేయిస్తామన్నారు.